తమ్ముడి జీతం రెండు వారాలు వెనక్కి జరిగింది, ఇంట్లో గొడవ మొదలైంది

పాలకొల్లు దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక రావులపాలెంలో ఉంటూ టీచరుగా పనిచేస్తున్న ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి అవసరమైనంత వరకు కుదించి ఇస్తున్నాను.

ఆమె తమ్ముడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లి ఏడాది దాటింది. నాన్నగారికి రెండెకరాల సొంత పొలం, మూడెకరాల కౌలు, ఇంటి వెనక కొబ్బరితోట ఉన్నాయి. ఇల్లూ తోటా తనఖా పెట్టి బ్యాంకులో చదువు అప్పు తెచ్చారు. ఇప్పటిదాకా వాడుకున్నది 24 లక్షలు. పదిన్నర శాతం వడ్డీ, అంటే నెలకు 21 వేలు. అబ్బాయి యూనివర్సిటీ డైనింగ్ హాల్లో వారానికి 20 గంటలు పనిచేస్తాడు. గంటకు 12 డాలర్లు. ఒకటో తారీఖున జీతం పడగానే 200 డాలర్లు ఇంటికి పంపేవాడు, మిగతాది నాన్నగారు కలిపి వడ్డీ కట్టేవారు.

నవంబరు మొదట్లో డబ్బు రాలేదు. అడిగితే, అక్టోబరు నుంచి గంటల లెక్కన పనిచేసే విద్యార్థులందరికీ యూనివర్సిటీ జీతం ఇచ్చే పద్ధతి మార్చిందనీ, ఇకమీదట నెలకోసారి కాక రెండు వారాలకోసారి ఇస్తారనీ, మొదటి చెక్కు నాలుగు రోజుల పనికే వచ్చిందనీ, అద్దె కట్టేసరికి ఏమీ మిగల్లేదనీ చెప్పాడు. నాన్నగారు నమ్మలేదు. "నెలకోసారి ఇచ్చేది రెండు వారాలకోసారి ఇస్తుంటే డబ్బు ముందు రావాలి గానీ, రాకపోవడం ఏంటే? పైగా ఇకనుంచి నెలకు 80 డాలర్లు తక్కువొస్తుందంట. వాడేదో దాస్తున్నాడు" అన్నారట. ఫోన్లో గట్టిగానే కేకలేశారు. అప్పటినుంచి తమ్ముడు కాల్ చేయడం మానేశాడు, "బాగానే ఉన్నా" అని మెసేజ్ మాత్రం పెడుతున్నాడు. ఊళ్లో మావయ్య ఒకాయన, తెలిసినవాళ్ల స్టోర్లో శని ఆదివారాలు చేతికి డబ్బిస్తారు, అక్కడ చేరమని సలహా ఇచ్చారు. తమ్ముడు కూడా అటే మొగ్గుతున్నాడని ఆమె భయం. ఐదు కాసుల హారం ఉంది, భర్తకు తెలియకుండా తాకట్టు పెట్టి ఈ రెండు మూడు నెలలు గట్టెక్కించనా అని అడుగుతున్నారు. తమ్ముడు నిజమే చెబుతున్నాడా అన్నది ఆమె మొదటి ప్రశ్న.

అమ్మా, ఆ మొదటి ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. మీరు రాసిన అంకెలు పట్టుకుని లెక్క వేశాను. మీ తమ్ముడు చెప్పినదానికీ ఆ అంకెలకీ ఎక్కడా తేడా రాలేదు.

పాత పద్ధతిలో నెల పొడుగునా చేసిన పని మొత్తానికి వచ్చే నెల ఒకటిన ఒకేసారి డబ్బు పడేది. వారానికి 20 గంటలు, గంటకు 12 డాలర్లు అంటే ఏడాది సగటున నెలకు 1,040 డాలర్లు. కొత్త పద్ధతిలో రెండు వారాల గడువు ఒక శనివారంతో ముగుస్తుంది. ఆ గంటలను పైఅధికారి ఆమోదించాలి, జీతాల విభాగం చూసుకోవాలి, ఆ తర్వాత దాదాపు పన్నెండు పదమూడు రోజులకు డబ్బు పడుతుంది. పద్ధతి మారిన నెలలో ఒకటో తారీఖు వారం మధ్యలో వచ్చింది కాబట్టి మొదటి గడువు నాలుగు రోజులే. పన్నెండు గంటల పని, 144 డాలర్లు. తర్వాత వచ్చింది పూర్తి చెక్కు, 480 డాలర్లు. రెండూ కలిపి 624. వెనకటిలా అయితే నవంబరు ఒకటికి అతని చేతిలో 1,040 ఉండాలి. తేడా 416 డాలర్లు. అది పోలేదు, ఎవరూ కోసుకోలేదు. పని అయిపోయింది, డబ్బు దారిలో ఉంది, అంతే. రేపు ఆ ఉద్యోగం మానేసినా ఆ బాకీ చివరి చెక్కుగా వస్తుంది.

నాన్నగారికి ఈ మాట అర్థం కాకపోవడానికి కారణమే లేదు. సార్వా కోతలయ్యాక ధాన్యం కాటా వేయించి, బస్తాలు లారీకెక్కించి పంపాక, డబ్బు ఖాతాలో పడేదాకా ఆయన ఎన్ని రోజులు ఎదురుచూడలేదు! ధాన్యం ఇచ్చేశాక డబ్బు రాకపోతే, "ఆయన ధాన్యమే పండించలేదు" అని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా? కొడుకు పరిస్థితి ఇప్పుడు అదే. ఈ మాట మీరు చెబితే ఆయన వింటారు.

ఇక ఆ 80 డాలర్ల సంగతి. ఏడాదికి 52 వారాలు, రెండు వారాలకొక చెక్కు చొప్పున 26 చెక్కులు. పది నెలల్లో రెండేసి చెక్కులు వస్తాయి, నెలకు 960. మిగిలిన రెండు నెలల్లో మూడేసి వస్తాయి, నెలకు 1,440. అన్నీ కూడితే 12,480 డాలర్లు. 1,040ని పన్నెండుతో గుణించినా అదే 12,480. కాబట్టి జీతం పైసా తగ్గలేదు. రెండు చెక్కులొచ్చే నెలలో తక్కువగా కనిపిస్తుంది, మూడొచ్చే నెలలో ఆ లోటు తీరుతుంది. ఆ మూడు చెక్కుల నెలలేవో యూనివర్సిటీ ఇచ్చే పే క్యాలెండర్లో ముందే ఉంటాయి. తమ్ముడిని ఆ క్యాలెండర్ వాట్సాప్‌లో పెట్టమనండి. ప్రింటు తీయించి ఇంట్లో గోడ క్యాలెండర్ పక్కన తగిలిస్తే సగం గొడవ తగ్గుతుంది. ఇది ఏడాది పొడవునా 20 గంటలూ చేస్తే వచ్చే లెక్క అని మాత్రం గుర్తుంచుకోండి. సెలవుల్లో హాలు మూస్తే గంటలుండవు, గంటలు లేకపోతే డబ్బుండదు.

ఇలా మార్చడం వెనక దురుద్దేశం ఉందని నేను అనుకోను. గంటల కూలికి సంబంధించి అమెరికా చట్టం వారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. వారంలో 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. నెల వారం మధ్యలో ముగుస్తుంది కాబట్టి ఒకే వారం రెండు జీతాల్లోకి చీలిపోయి లెక్క తికమకవుతుంది. రెండు వారాల పద్ధతిలో ఆ చిక్కుండదు. జీతం ఎన్నాళ్లకోసారి ఇవ్వాలన్నది అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకుంటుంది. కేంద్ర చట్టం అడిగేది, ప్రకటించిన రోజుకు ఇవ్వమని. కాకపోతే నెలాఖరు డబ్బు మీద బతికే పిల్లలకు ఈ మార్పు ఎంత బరువో ముందుగా ఆలోచించి, మారిన నెలకు ఏదో ఒక సర్దుబాటు ప్రకటించి ఉంటే బాగుండేది. వాళ్లకు అది క్యాలెండర్ మార్పు. పాలకొల్లు పక్క పల్లెలో అది తండ్రీకొడుకుల మధ్య మాటల్లేకుండా చేసింది.

మీరు తమ్ముడిని ఒకటి అడగండి. అనుమానంతో కాదు, అక్కగా అతని పక్కన నిలబడడానికి. ఆ మూడు పే స్లిప్పులు పంపమనండి: చివరి నెల జీతం, నాలుగు రోజుల చెక్కు, మొదటి పూర్తి చెక్కు. వాటి మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని, ఎన్ని గంటలు, ఏ రోజు చెల్లింపు అని స్పష్టంగా ఉంటుంది. నాన్నగారికి చూపించడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అవి చూసేటప్పుడు జీతంలో కోతల వరుస కూడా చూడండి. సోషల్ సెక్యూరిటీ (పింఛను కోసం), మెడికేర్ (వృద్ధాప్య వైద్యం కోసం) అనే రెండు పేర్ల కింద ఏమైనా కోశారా? ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా ఆ కోతలుండవు. జీతాల పద్ధతి మార్చినప్పుడు పాత వివరాలు కొత్త దాంట్లోకి సరిగ్గా ఎక్కకపోతే ఈ కోత మొదలయ్యే అవకాశం ఉంది. రెండూ కలిపి 7.65 శాతం, అంటే 480 డాలర్ల చెక్కులో దాదాపు 37 డాలర్లు. కోసి ఉంటే పేరోల్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి సరిచేయించుకోవచ్చు, కోసింది తిరిగి అడగొచ్చు. ఆదాయపు పన్ను వేరే విషయం. మనకూ అమెరికాకూ ఉన్న పన్ను ఒప్పందం వల్ల అక్కడి భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో ఇంతవరకు పన్ను లేదనే మినహాయింపు, తీసుకోవచ్చు. ఏడాదికి 12,480 డాలర్ల సంపాదన ఆ పరిమితి లోపలే ఉంటుంది. కాబట్టి కేంద్ర పన్ను కింద పట్టుకున్నది ఏప్రిల్ 15 లోపు రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది పిల్లలు బద్ధకించి ఆ డబ్బు వదిలేస్తారు.

కొత్త పద్ధతిలో జాగ్రత్తపడాల్సినవి రెండున్నాయి, ఇవి అతనికి తప్పకుండా చేరవేయండి. గడువు ముగిసిన రోజుకల్లా టైమ్‌షీట్ పంపాలి, పైఅధికారి ఆమోదించాడో లేదో తెరిచి చూసుకోవాలి. ఆ ఆమోదం తప్పితే డబ్బు ఇంకో రెండు వారాలు జరుగుతుంది. చేసిన పనికి జీతం ఎగ్గొట్టే హక్కు వాళ్లకు లేదు, కానీ ఆలస్యం మాత్రం మళ్లీ మీ ఇంటిమీదకే వస్తుంది. ఏ రోజు ఎన్ని గంటలు చేశాడో తన దగ్గర కూడా రాసి పెట్టుకోమనండి. రెండోది, టైమ్‌షీట్ రెండు వారాలకు కలిపి ఉంటుంది కదా అని, ఒక వారం 25 గంటలు చేసి రెండో వారం 15తో సరిపెట్టుకోవచ్చని అనుకుంటారు. చదువు నడుస్తున్న రోజుల్లో 20 గంటల హద్దు ఏ వారానికి ఆ వారమే. క్యాంపస్‌లో రెండు పనులు చేస్తే రెండూ కలిపే 20. జీతం లెక్క మారింది గానీ వీసా లెక్క మారలేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం, మావయ్యగారి సలహా. ఆయన చెడు కోరి చెప్పలేదని తెలుసు. కానీ అనుమతి లేకుండా క్యాంపస్ బయట చేసే పని, డబ్బు చేతికిచ్చినా ఖాతాలో వేసినా, ఎఫ్-1 హోదాను ఉల్లంఘించడమే. చేతికిస్తే లెక్కలోకి రాదన్నది పిల్లల మధ్య తిరిగే ధైర్యం, చట్టంలో దానికి చోటు లేదు. బయటపడితే యూనివర్సిటీ అతని రికార్డు రద్దుచేయాల్సి వస్తుంది. చదువు మధ్యలో ఆగిపోవచ్చు. ఇప్పుడు బయటపడకపోయినా, చదువయ్యాక పని అనుమతికో, హెచ్-1బీ ఉద్యోగ వీసాకో, మరో వీసాకో దరఖాస్తు చేసినప్పుడు, నిబంధనల ప్రకారమే ఉన్నావా అన్న ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ అబద్ధం చెబితే ఇంకో తప్పు. ఆ స్టోర్ యజమాని డబ్బు ఎగ్గొట్టినా, పని చేస్తుండగా చేయి విరిగినా, వెళ్లి అడగడానికి పిల్లలు భయపడతారు, ఆ భయం యజమానులకూ తెలుసు. ఇవన్నీ ఒక పక్క పెట్టి, రెండో పక్క పెట్టాల్సింది 416 డాలర్లు. అదీ ఎలాగూ రాబోతున్న డబ్బు. ఇంటి మీద, తోట మీద 24 లక్షలు తెచ్చిన చదువును దీనికోసం పణంగా పెట్టకూడదు. ఈ పేరా మీరు తమ్ముడికి యథాతథంగా చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

చట్టం ఒప్పుకునే దారులు లేకపోలేదు. కనీసం ఒక విద్యా సంవత్సరం పూర్తయిన విద్యార్థికి, ఊహించని తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది వస్తే, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు సిఫారసుతో బయట పనికి ప్రభుత్వాన్ని అనుమతి అడిగే వీలుంది. ఒక నెల జీతం వెనక్కి జరిగితే అది దొరకదు. తుపానొచ్చి పంటపోయి ఇంటినుంచి వచ్చే ఆధారమే తెగిపోతే అడగడానికి పనికొస్తుంది. ఇప్పటికి సరిపోయేవి చిన్నవి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు అత్యవసర స్వల్పకాలిక అప్పులిస్తారు, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీలు నడుపుతారు. ఇంటి ఓనరుతో మాట్లాడి అద్దె తారీఖును జీతం పడే శుక్రవారానికి దగ్గరగా మార్చుకోవచ్చు. మన పిల్లలు నామోషీ అనుకుని వీటి జోలికి పోరు. అక్కగా ఆ నామోషీ మీరు పోగొట్టగలరు. ఆ పూట ఏం తింటున్నాడో కూడా అడగండి, ఇంటికి డబ్బు పంపలేదన్న బాధతో కడుపు కట్టుకునే పిల్లలున్నారు.

బ్యాంకు వైపు చూద్దాం. నాన్నగారి దగ్గరున్న శాంక్షన్ లెటర్ తీసి చదవండి. ప్రభుత్వ బ్యాంకుల చదువు అప్పుల్లో మామూలుగా చదువు కాలమూ, ఆపైన ఒక ఏడాదీ మారటోరియం, అంటే వాయిదాలు కట్టనక్కర్లేని గడువు, ఉంటుంది. ఆ కాలంలో పడేది బారువడ్డీ. అప్పుడప్పుడే కడితే భారం తగ్గుతుంది, కట్టకపోతే చివర్లో అసలుకు కలుస్తుంది. మీది ఆ రకమైతే ఈ నెల 21 వేలకు బదులు ఏడు వేలే కట్టినా ఎవరూ ఇంటిమీదకు రారు. నష్టం, ఆ మిగిలిన సొమ్ము తర్వాత అసలులో కలిసి దానిమీద కూడా వడ్డీ నడవడం. అలా కాక, నెలనెలా వడ్డీ కట్టి తీరాలన్న షరతుంటే కథ వేరు. కట్టాల్సింది 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండిబాకీ అవుతుంది, నాన్నగారి క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు పంట రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డం పడుతుంది. ఆ షరతుంటే మాత్రం ముందుగానే మేనేజరును కలవాలి.

హారం గురించి. ఐదు కాసుల బంగారం మీద చాలా పెద్ద మొత్తం వస్తుంది, మీకు కావలసింది చిన్న మొత్తం. పెద్ద మొత్తం చేతిలో ఉంటే ఇంకో రెండు అవసరాలు దానికి తగులుకుంటాయి, విడిపించేటప్పుడు ఆ బరువు మీ టీచరు జీతం మీద పడుతుందో, మీవారి మీద పడుతుందో మీకే తెలియాలి. భర్తకు తెలియకుండా చేయడం నాకు మరీ భయంగా ఉంది. ఒక ఇంట్లో డబ్బు గురించి మాట దాచారన్న అనుమానమే కదా ఇప్పటి గొడవంతా. అదే అనుమానం మీ ఇంట్లోకి తెచ్చుకోకండి. ఆయనకు చెప్పి, చేతిలో ఉన్న దాంట్లోంచి పదిహేను వేలో ఇరవై వేలో నాన్నగారికి ఇస్తే, మూడు చెక్కులొచ్చే నెలలో తమ్ముడు మీకు తీర్చే ఒప్పందం చేసుకోవచ్చు. ఆయన కాదంటే, నాన్నగారిని తక్కువ కట్టమనే దారి ఎలాగూ ఉంది. నేరుగా తమ్ముడికే పంపాలనుకుంటే బ్యాంకు ద్వారానే పంపండి. 2025 ఏప్రిల్ నుంచి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల వరకు విదేశాలకు పంపితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టుకోరు, కాబట్టి మధ్యవర్తుల దగ్గరికి పోనక్కర్లేదు.

నాన్నగారి కోపం గురించి ఒక మాట. వ్యవసాయం చేసే ఇంటికి నెల ఆదాయం ఉండదు. సార్వాకొకసారి, దాళ్వాకొకసారి, మధ్యలో కొబ్బరి దింపు డబ్బులు. బ్యాంకు మాత్రం ప్రతి నెలా అడుగుతుంది. ఏడాదిగా ఆ ఇంట్లో నెలనెలా వచ్చే డబ్బంటూ ఉంటే అది కొడుకు పంపే 200 డాలర్లే. అది ఆగగానే ఆయనకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది, ఆ భయమే కేకలుగా బయటికొచ్చింది. కొడుకు అబద్ధమాడాడని ఆయన నిజంగా నమ్మారని నాకనిపించదు. కానీ చదువుకునే పిల్లవాడి గంటల కూలిని ఇంటి ఆదాయంలో లెక్కవేయడం నాకు మొదటినుంచీ నచ్చని పని. మొదటి ఏడాది ఖర్చుకు డబ్బుందని చూపిస్తేనే ఆ యూనివర్సిటీ ఐ-20, అంటే విద్యార్థి వీసాకు కావలసిన పత్రం, ఇచ్చింది. డైనింగ్ హాలు పని అతని తిండికీ అద్దెకూ ఆసరాగా ఉండాల్సింది. పరీక్షల వారం వచ్చినా, జ్వరమొచ్చినా, హాలు మూసినా ఆ డబ్బు ఆగుతుంది. అలాంటిదాని మీద బ్యాంకు వడ్డీ ఆనించడం అతనికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

దీనికి మీ ఇంట్లో రెండు మూడు రకాలుగా సర్దుకోవచ్చు. నెలకు 200 డాలర్ల లెక్క అలాగే ఉంచి, నెలనెలా సమానంగా కాకుండా మూడు చెక్కుల నెలల్లోనూ సెలవుల్లో ఎక్కువ గంటలు చేసినప్పుడూ ఎక్కువ పంపేలా మాట్లాడుకోవచ్చు. అప్పుడు మధ్య నెలల్లో నాన్నగారు ధాన్యం డబ్బులోంచి ముందే కొంత పక్కన పెట్టుకోవాలి. కౌలు కట్టాల్సిన ఇంట్లో అది తేలిక కాదు. లేదంటే చదువయ్యేదాకా అతను ఏమీ పంపకుండా, ఇక్కడ కట్టగలిగినంతే కట్టొచ్చు. అప్పు కొంత పెరుగుతుంది, అతనికి మాత్రం చదువు మీద, ఉద్యోగం వెతుక్కోవడం మీద దృష్టి నిలుస్తుంది. నాకైతే రెండోదే మేలనిపిస్తుంది. కానీ పొలం మీది, బ్యాంకుకు ఇచ్చిన సంతకం నాన్నగారిది, నిర్ణయం ముగ్గురూ కూర్చుని చేయాల్సింది.

తండ్రీకొడుకులను మాట్లాడించేటప్పుడు లెక్కలు మీరు చెప్పండి, తమ్ముడితో చెప్పించకండి. అతను మొదలుపెడితే సంజాయిషీలా వినిపిస్తుంది. పే స్లిప్పులు చేతికొచ్చాక ఒక ఆదివారం పుట్టింటికి వెళ్లి, కాటా అయిన ధాన్యం మాట ఎత్తి, ఆ తర్వాత ఫోన్ కలపండి. నాన్నగారు సారీ చెప్పాలని ఎదురుచూడొద్దు, "భోంచేశావా" అని అడిగితే తమ్ముడికి అర్థమవుతుంది.

ఆ ఫోన్లోనే డిసెంబరు సంగతి కూడా తేల్చేసుకోండి. సెమిస్టర్ అయ్యాక అక్కడ చాలాచోట్ల డైనింగ్ హాళ్లు మూడు నాలుగు వారాలు మూస్తారు. కొత్త పద్ధతిలో దాని దెబ్బ కనిపించేది జనవరి చెక్కుల్లో. సెలవుల్లో, తర్వాతి సెమిస్టర్‌కు చేరే విద్యార్థికి 20 గంటల హద్దు ఉండదు. కాబట్టి క్యాంపస్‌లో తెరిచి ఉండే లైబ్రరీలోనో హాస్టళ్ల నిర్వహణలోనో పని దొరుకుతుందేమో ఇప్పుడే అడగమనండి. దొరకకపోతే జనవరి, ఫిబ్రవరి వడ్డీలో అతని వాటా ఉండదని నాన్నగారికి ఈ నవంబరులోనే, ధాన్యం డబ్బు చేతికి రాకముందే తెలియాలి.